కుడిచేతి డాలు

ఆదివారం పొద్దున్నే పళ్ళ డాక్టరు ఆటబల్లకు ఎదురుగా ఉన్న కుర్చీ దుమ్ము దులిపాడు. ఏడాదిగా అందులో ఎవరూ కూర్చోలేదు. అది బావగారిది. ప్రతి ఆదివారం బావా బావమరుదులిద్దరూ వేలెడంత సీసపు సైనికులతో ఆ బల్లమీద ప్రాచీన గ్రీకు యుద్ధాలు ఆడేవారు. బావగారు అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ, ఆయన కళ్ళు రిటైరవలేదు. పోయినేడు ఒక గ్రీకు సైనికుణ్ణి ఎత్తి పట్టుకుని, "ఇది రోమను కత్తి కదోయ్!" అన్నారు. ఓడిపోతున్న ఉక్రోషంలో డాక్టరు నోరు జారాడు.

"ఆటే కదా బావా, ఏ కత్తయితేనేం!"

ఆ మాటకు చెప్పులేసుకుని వెళ్ళిన మనిషి మళ్ళీ గడప తొక్కలేదు. అప్పట్నుంచీ ఆదివారం వచ్చిందంటే డాక్టరుకు ఒకటే బెంగ. రెండువైపులా తనే ఆడి చూశాడు. ఏ వైపు గెలిచినా సంతోషం లేదు.

అందుకే ఈసారి కత్తి, బల్లెం, శిరస్త్రాణం, డాలు, అన్నీ వేలెత్తి చూపడానికి వీల్లేకుండా అమర్చి కొత్త సైన్యం తయారుచేశాడు. సాయంత్రం రమ్మని ఫోన్ చేస్తే బావగారు "చూద్దాం" అని పెట్టేశారు.

కాఫీ తెచ్చిన భార్య సైన్యాన్ని ఓసారి చూసింది. "వీళ్ళంతా ఎడమచేతి వాటమా? డాళ్ళు కుడిచేతికున్నాయి!"

డాక్టరు ఒకణ్ణి ఎత్తి చూశాడు. నిజమే. డాలు లోపలి పట్టీ కనబడక, పళ్ళు చూసే బుల్లి అద్దంలో చూస్తూ అతికించాడు. ఇన్నేళ్ళుగా అద్దంలో చూసి పనిచేసిన చెయ్యి కదా, కుడి ఎడమలను దానంతటదే తిరగేసింది.

"కొంప మునిగిందే! ఎడమచేతి వాటం వాడైనా డాలు ఎడమచేతికే పట్టాలి. సగం తనకి, సగం పక్కవాడికి కాపు!"

"అయితే పీకి అతికించండి."

"పళ్ళ సిమెంటు పెట్టానే!"

చచ్చినా ఊడదని పేషెంట్లకు తనే హామీ ఇచ్చే సిమెంటు. ముందుగది క్లినిక్‌లో డ్రిల్లు మోగింది. డాళ్ళతోపాటు చేతులూ ఊడి వస్తున్నాయి. ఊడినవాళ్ళకు కొత్త చేతులు అతికించి, డాలు ఎడమకు మార్చి, ఒక్కొక్కణ్ణి మళ్ళీ ఆటబల్లమీద నిలబెడుతున్నాడు.

ఆ మోతకు మేడమీదావిడ దిగి వచ్చింది. "సెలవు రోజు కూడానా? ఎవరికండీ?"

ఇంత వయసొచ్చిన మొగుడు బొమ్మలకు చేతులు మారుస్తున్నాడని చెప్పడానికి డాక్టరు భార్యకు సిగ్గేసింది. "మా వదిన వాళ్ళాయనకి. పన్ను బాగుచేస్తున్నారు" అనేసింది.

మధ్యాహ్నమైనా మోత ఆగలేదు. మేడమీదావిడ మనసొప్పక డాక్టరు అక్కకు ఫోన్ చేసింది. "మీ ఆయన్ని పొద్దుట్నుంచీ తొలుస్తూనే ఉన్నారమ్మా! పాపం, మూలుగు కూడా వినబడట్లేదు."

లైబ్రరీకని వెళ్ళిన మొగుడు ఇంకా రాకపోవడంతో అక్క నిజమే అనుకుంది. ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చి క్లినిక్ తలుపు బాదింది. ఆఖరి సైనికుడి డాలు ఎంతకీ ఊడక, వాణ్ణి జేబులో కుక్కుకుని డాక్టరు తలుపు తీశాడు.

"మా ఆయన్నేం చేశావురా?"

డాక్టరు ముఖం వెలిగింది. "బావ వచ్చారా?"

"నన్నడుగుతావేంరా! నీ కుర్చీలో లేరూ?"

పేషెంటు కుర్చీలో గుప్పెడు చేతిముక్కలు తప్ప ఏమీ లేవు. అక్క తల పట్టుకుంది. అంతలో గుమ్మంలో దగ్గు వినిపించింది. ఇంటికి తాళం చూసి, భార్యను వెతుక్కుంటూ వచ్చిన బావగారు.

"నేను ఆటకు రాలేదు" అన్నారు ముందే. అంటూనే బల్ల దగ్గరకు నడిచారు.

ఒక్కొక్కణ్ణి తీసి వెలుతురులో తిప్పి చూశారు. కత్తి సరే. బల్లెం సరే. డాలు సరే. చూసేకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది.

"అంతా బాగానే ఉందోయ్. ఇంక నాతో నీకేం పని?" నెమ్మదిగా అని, చెప్పులకేసి కదిలారు.

ఏడాదిగా డాక్టరు ఎదురుచూసింది ఈ మనిషి మెప్పు కోసం కాదు. గబగబా జేబులో చెయ్యి పెట్టి ఆఖరివాణ్ణి తీసి బల్లమీద నిలబెట్టాడు.

బావగారు ఆగారు. వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశారు.

"కుడిచేతికి డాలా! నీకు బుద్ధుందా?" అంటూ తన కుర్చీలో కూలబడ్డారు. "ముందు కూర్చో, చెబుతాను."

దీపాలు పెట్టే వేళకు కూడా ఆయన చెబుతూనే ఉన్నారు.

తరవాతి వారం డాక్టరు మరో సైనికుడికి కుడిచేతికి డాలు అతికించాడు. ఈసారి అద్దం అవసరం లేకపోయింది.