చేతుల స్టోరు

మూడో ఏడులో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ తన రెండు చేతులూ మణికట్టు దగ్గర విప్పి, వైద్య కళాశాల స్టోరులో అప్పగించి, మెడలో టోకెను వేసుకోవాలి. ఒక చెయ్యి ఎవరికి వారే విప్పుకుంటారు. రెండోది స్టోరుకీపరు దాలినాయుడు విప్పుతాడు.

కారణం సర్క్యులర్‌లోనే ఉంది. సాక్ష్యాల నిచ్చెనలో పై మెట్టు వేలమంది రోగుల మీద జరిగిన అధ్యయనాలది. అట్టడుగు మెట్టు డాక్టరు చెయ్యి చెప్పే మాటది. నేర్చుకునే వయసులో పిల్లలకు కింది మెట్టు అలవాటు కాకూడదు. అధ్యయనాలన్నీ చదివిన యంత్రం వార్డుకొకటి ఉంది. దాన్ని అందరూ పెద్దసారు అంటారు. భోజనానికి మాత్రం ఒంటిగంట నుంచి రెండింటి దాకా చేతులిస్తారు. హాజరు వేలిముద్రతో పడాలి కనుక దాలినాయుడే రోజూ చేతులన్నీ తోపుడుబండి మీద తీసుకెళ్ళి మిషను మీద బొటనవేళ్ళు ఆనిస్తాడు. ఈ పద్ధతి వచ్చాక హాజరు నూటికి నూరూ ఉంటోంది.

ఆ రోజు పదకొండింటికి మూడో ఏడు చదివే నీలవేణికి అప్పజెప్పిన రోగి అప్పలనర్సమ్మ. నలభయ్యేళ్ళుగా జీడిపిక్కలు కొట్టే మనిషి. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చెమటలో తడిసి ఉంది.

"గ్యాసు. తొంభై నాలుగు శాతం," అన్నాడు పెద్దసారు.

"కడుపులో పుండు పగిలిందేమో సార్. స్కాను రాయండి."

"కడుపు బిగిసిందన్న సాక్ష్యం కావాలి."

నీలవేణి స్టోరుకు పరిగెత్తింది. దాలినాయుడు పేపరు లోంచి తలెత్తలేదు. "ఒంటిగంటకి కూడు బెల్లు కొడతారు, అప్పుడు రా పాపా. రూలు నాను రాసినానేటి?"

ఆమె తిరిగొచ్చేసరికి అప్పలనర్సమ్మ ఆ అమ్మాయి మొండి మణికట్లకేసే చూస్తోంది. "ఏటి డాట్రమ్మా, సెయ్యేసి సూడవా?"

"నా చేతులు స్టోర్లో ఉన్నాయి పెద్దమ్మా."

"ఓసోస్, ఇదేటి సదువే! నా సేతులున్నాయి కదా. ఎక్కడెట్టాలో సెప్పు."

నీలవేణి చెప్పింది. బొడ్డుకు పైన, నెమ్మదిగా నొక్కి, వదిలెయ్యాలి. జీడినూనెకు కాలి నల్లబడిన ఆ వేళ్ళు కడుపు మీద నొక్కి వదిలాయి. ముసలామె పళ్ళు బిగబట్టింది.

"బల్లసెక్క లాగున్నాదమ్మా. ఒగ్గేస్తే ప్రేణం పోతంది."

నీలవేణి ఆ మాటలు ఉన్నవున్నట్టు పెద్దసారుకు చెప్పింది. చేతి సాక్ష్యం అట్టడుగుదే అయినా అది సాక్ష్యమేనని పెద్దసారు ఒప్పుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో రుజువైతే చాలన్నాడు. అప్పలనర్సమ్మ మంచం మీంచి వంగి, పెద్దసారుకు తగిలించి ఉన్న వేలిముద్రల మిషను మీద బొటనవేలు ఆనించింది. పడలేదు. రెండోది ఆనించింది. అదీ పడలేదు. జీడినూనె ఆమె వేళ్ళ మీద గీతలన్నీ ఏనాడో తినేసింది.

"ఈ చెయ్యి ఎవరిదీ కాదు," అన్నాడు పెద్దసారు.

"నాదే బాబూ," అంది అప్పలనర్సమ్మ.

జీడిపిక్కలు కొట్టేవాళ్ళ మీద అధ్యయనం ఏదైనా ఉందా అని నీలవేణి అడిగింది. లేదు. ఇంకెవరినైనా అడుగుదామని చుట్టూ చూసింది. ప్రొఫెసరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన మెడలోనూ టోకెను ఉంది.

పన్నెండూ నలభైకి అప్పలనర్సమ్మ పోయింది. మిగతా ఆరు శాతంలో ఆమెను చేర్చారు. లెక్క ఎక్కడా తప్పలేదు. మెట్టు దాటకుండా కేసు నడిపినందుకు నీలవేణికి ఇరవైకి పద్దెనిమిది మార్కులు వేశాడు పెద్దసారు.

ఒంటిగంటకు బెల్లు కొట్టారు. దాలినాయుడు చేతులు తగిలించాడు. నీలవేణి అన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తింది. తరవాత ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, బల్ల కింద ఎవరూ చూడకుండా తన కడుపు మీద పెట్టుకుని నొక్కింది. మెత్తగా ఉంది. బల్లను నొక్కింది. గట్టిగా ఉంది. ఇలాగే ఉండి ఉంటుందా అని కాసేపు ఆలోచించింది.

రెండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుండగానే వెళ్ళి వరసలో నిలబడింది. ఆలస్యమైతే రేపటి హాజరు పడదు. తన వంతు రాగానే ఎడమ చెయ్యి తనే విప్పి బల్ల మీద పెట్టి, కుడిది దాలినాయుడి ముందుకు చాచింది.