ఆశ వదులుకున్న తేదీ

అత్యవసర సమావేశానికి హాజరైనవారు, ఆసీనులైన క్రమంలో: రక్తవ్యాధుల విభాగాధిపతి, ఆయన కుడివైపున నియమావళి అధికారి, ఎడమవైపున ఉపశమన వైద్యురాలు (అడిగినప్పుడు మాత్రమే మాట్లాడవలెను, ఇంతవరకు ఎవరూ అడగలేదు), కుర్చీలు చాలక నిలబడిన వార్డు నర్సు, తలుపు పక్కన స్టూలు మీద రోగి భార్య. రోగి హాజరు కాలేదు. చర్చ ఆయన నొప్పి గురించే కనుక ఆయనతో పని లేదని ముందే తీర్మానించారు.

నొప్పి ఎవరికైనా రావచ్చు గాని, ఉపశమనం మాత్రం అర్హతను బట్టే లభించవలెనన్నది ఆ ఆసుపత్రి మూలసూత్రం.

రోగి భార్య ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. భర్తకు రక్తకేన్సర్. నయమయ్యే అవకాశం బాగా ఉందని బలమైన మందులు ఎక్కించారు. ఆ మందులు రోగంతో పాటు నోటినీ పట్టుకున్నాయి. పన్నెండు రోజులుగా నాలుక నుంచి గొంతు దాకా పుండ్లే. మాట్లాడలేక పలక మీద రాస్తున్నాడు. మొదట్లో హాస్యమాడేవాడు: "పెళ్ళయినప్పటి నుంచీ నువ్వు కోరుకున్నది ఇదేగా." నిన్న రాసింది వేరు: "ఇక మందులొద్దు. ఇంటికి పోదాం."

రెండో విడత మందులకు ఆయన అంగీకార సంతకం పెట్టవలసింది ఈ సాయంత్రమే.

నొప్పి తగ్గించే ఆ ఉపశమన వైద్యురాలి గది వరండాకు అవతలే, పద్నాలుగు అడుగుల దూరం (రోగి భార్య లెక్కపెట్టింది). కాని ఆ దూరం దాటడానికి ఒక దరఖాస్తు నింపాలి. అందులో తొమ్మిదో గడి: ‘ఆశ వదులుకున్న తేదీ’. అది ఖాళీగా ఉంటే కంప్యూటరు దరఖాస్తును తీసుకోదు.

"మేం ఆశ వదులుకోలేదండీ. నొప్పి తగ్గించమంటున్నాను, అంతే," అంది ఆమె.

"అదేనమ్మా చిక్కు," అన్నాడు విభాగాధిపతి ఎంతో దయగా. "మీవారికి నయమవుతుంది. నయమయ్యేవాళ్ళని ఆవిడ దగ్గరికి పంపితే మేం చేతులెత్తేశామనుకుంటారు."

"ఆ నొప్పికి ఆయనే చేతులెత్తేస్తున్నారు కదండీ."

"దానికి వేరే దరఖాస్తుందమ్మా," అన్నాడు నియమావళి అధికారి.

ఆమె కలం తీసుకుంది. లోకంలోని తప్పులన్నీ దిద్దిన ఆ చెయ్యి తొమ్మిదో గడి దగ్గర ఒక్క అంకె కూడా వేయలేకపోయింది.

ఆశతో కూడిన నొప్పిని నొప్పిగా పరిగణించవచ్చునా అన్న ప్రశ్నను ఉపసంఘానికి అప్పగించి, సభ్యులు టీ తాగడానికి లేచారు. (ఉపసంఘం వచ్చే నెల సమావేశమవుతుంది. అంతవరకు రోగి ఓపిక పట్టవలసిందిగా కోరడమైనది.)

నర్సు ఆమె దగ్గరికొచ్చింది. "మీరు రాయకండమ్మా. పెన్ను ఇటివ్వండి."

"ఏం రాస్తావే తల్లీ?"

"ఏదో ఒక తేదీ. కంప్యూటరుకి తేదీ కావాలి, అంతేగా."

టీ ముగించి వచ్చేసరికి ఎడమవైపు కుర్చీ ఖాళీగా ఉంది. వైద్యురాలు అప్పటికే రోగి మంచం పక్కన నిలబడి, నోటిలో టార్చి వేసి చూస్తూ, నొప్పి మందు ఎంత వేగంతో ఎక్కించాలో చెబుతోంది. కంప్యూటరు స్వీకరించిన దరఖాస్తును రద్దు చేసే అధికారం ఎవరికీ లేదని నియమావళి అధికారి పుస్తకం తిరగేసి చెప్పాడు.

"ఈ రోగి చేరింది పోయిన నెల. నువ్వు వేసింది తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. ఏమిటిది?" అని విభాగాధిపతి నర్సును నిలదీశాడు.

"నేనిక్కడ ఉద్యోగంలో చేరిన రెండో రోజు సార్. ఆ రోజే దరఖాస్తుల గది మొదటిసారి చూశాను."

సాయంత్రానికి రోగి రెండు చెంచాల నీళ్ళు మింగాడు. పలక తీసుకుని, "ఆ కాగితం ఏదీ?" అని రాశాడు. సంతకం వంకరగా పడింది. భార్య దాన్ని దిద్దలేదు.

తీర్మానం: తొమ్మిదో గడిలో వేసిన తేదీ వాస్తవమేనని విచారణలో తేలినందున, ఆ గడిని నిజాయితీగా నింపిన ఏకైక ఉద్యోగిగా వార్డు నర్సు సేవను ఈ సమావేశం కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయుచున్నది. ఇది పునరావృతం కాకుండా ఆమెను దుప్పట్ల గిడ్డంగికి బదిలీ చేయడమైనది.