సీసా తెచ్చుకున్నవారికే మందు

ఖరగ్‌పూర్‌లో ఖాళీ సీసాకున్న గౌరవం ఖాళీ బెర్తుకు కూడా లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఈ సంగతి ఎనభై ఏడు నాటిది. మా రైల్వే క్వార్టర్ల డిస్పెన్సరీలో మందు ఉచితం, సీసా మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. శానిటరీ ఆఫీసు పోసే ఫినాయిలుకూ అదే నియమం. (విషాన్నీ ఔషధాన్నీ ఇంత సమానంగా చూసిన శాఖ మరొకటి లేదు.)

వర్క్‌షాపు ఫిట్టర్ చిన్నారావు ఇంట్లో ఉన్నది ఒకే సీసా. అందులో ఒక వారం దగ్గుమందు, మరో వారం ఫినాయిలు. ఈ మార్పును మూడేళ్ల కూతురు చిట్టెమ్మకు ఎవరూ అధికారికంగా తెలియజేయలేదు. ఒక పొద్దున వాళ్లమ్మ కుసుమ కుళాయి దగ్గర ఉండగా పిల్లకు దగ్గు వచ్చింది. బుద్ధిమంతురాలు కనుక చెంచా తెచ్చుకుని మరీ తాగింది.

నోరు పొక్కి ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని కుసుమ ఆస్పత్రికి పరిగెత్తింది. పక్కింటి పరమేశ్వరి ఉప్పునీళ్లు పట్టి కక్కిద్దామంది గానీ కుసుమ ఆగలేదు. (ఆగకపోవడమే మేలైందని డాక్టరు తరవాత అన్నారు.) పిల్ల బతికింది. ఆ ఏడుపు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శాఖ వెంటనే మేలుకుంది. శానిటరీ ఆఫీసరు నగరేశ్వరరావు గారి అధ్యక్షతన గృహ విష నివారణ ఉపసంఘం వెలిసింది. విషాలను పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలని తీర్మానించింది. ఒక్కో క్వార్టరుకు ఉన్న ఒక్క అలమరానూ మోకాలెత్తునే కట్టారని ఎవరో గుర్తుచేశారు. పిల్లలు ఎలాగూ ఎదుగుతారు కనుక అలమరాను పైకి జరపడం వృథా ఖర్చని ఉపసంఘం తేల్చి, టీ తాగింది.

పిల్ల ఇంటికొచ్చిన రోజు డాక్టరు టానిక్ రాశారు. డిస్పెన్సరీ కిటికీ దగ్గర కాంపౌండరు జ్ఞానప్రకాశం కుసుమను సీసా అడిగాడు.

“బద్దలుకొట్టీసినాను బాబూ. అందులోదే కదా నా పిల్ల తాగీసింది,” అంది కుసుమ.

“నిజమేనమ్మా. కానీ టానిక్ దోసిట్లో పొయ్యడానికి నాకు పవర్ నేదు. సీసా తే.”

కిటికీ మూసే వేళయింది. గోల్‌బజార్ వెళ్లి సీసా కొనే వ్యవధి లేదు. కుసుమ పరమేశ్వరి ఇంటికి పరిగెత్తింది. ఇరుగుపొరుగంటే అలా ఉండాలి. పరమేశ్వరి మారుమాట లేకుండా తన సీసాలోని కిరసనాయిలును మంచినీళ్ల గ్లాసులోకి వంచి, గ్లాసును గడప పక్కన పెట్టి, పాకుతున్న మనవణ్ని దాటుకుంటూ వచ్చి, సీసా కడిగి ఇచ్చింది.