మాస్టారి టైట్రేషన్

ఆ ఉదయం కెమిస్ట్రీ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. బడిలో ఆ రోజు జరగాల్సిన కంప్యూటర్ పరీక్ష సరిగ్గా తెరుచుకుంటుందో లేదో ఇంట్లోనే ఒకసారి చూసి మూసెయ్యడం. తన లాగిన్‌లో ప్రశ్నలే తప్ప బ్యూరెట్ బొమ్మ కనబడలేదు. అదే బడిలో పదో తరగతి చదివే కూతురు తన లాగిన్ తెరిచిపెట్టి స్నానానికి వెళ్లింది. మనిషికి పోయేకాలం వస్తే అన్నీ ఇలాగే చేతికి అందుతాయి.

తెర మీద ఫ్లాస్కు, దానిపైన కుళాయి ఉన్న సన్నటి గాజు గొట్టం, అదే బ్యూరెట్. ద్రావణం మెల్లగా వదిలి, రంగు లేత గులాబీకి తిరగ్గానే ఆపాలి. మాస్టారు ఏళ్ల తరబడి పిల్లల చేత చేయించిన టైట్రేషనే. కాకపోతే గాజు కుళాయిని తిప్పినట్టు మౌసును నొక్కిపట్టి, దాని వైపే చూస్తూ తిప్పారు. తలెత్తేసరికి బ్యూరెట్ ఖాళీ. ఫ్లాస్కంతా ముదురు గులాబీ. "జవాబు నమోదైంది. మార్కులు సున్నా. మరో అవకాశం లేదు" అని తెర మీద పడింది.

ఆ మార్కుల మీదే పిల్లకు సైన్సు సీటు. తడి జుట్టుతో వచ్చి తెర చూసింది. ఏడవలేదు. మాస్టారికి దాంతో మరీ భయం వేసింది.

"నాన్నా, నేను రాయకుండానే ఫెయిలయ్యానా?"

"ఊరుకో తల్లీ. తప్పు నాదేనని మేడంతో చెప్తాగా, అయిపోతుంది."

అయిపోలేదు. హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి మరీ చూశారు.

"టైట్రేషన్‌లో మీకు సున్నానా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారు మాస్టారూ?"

"నిజం మేడం! ఆ మౌసు దిక్కుమాలింది..."

"కంప్యూటర్లు వద్దని మీటింగులో గొడవ చేసింది మీరే కదూ? ఇప్పుడు అమ్మాయి తెచ్చుకున్న సున్నాకు వాటి మీద నింద వేస్తే సీటు కూడా వస్తుందనా?"

"నా కూతురి మీద ఒట్టండీ!"

"ఒట్లెందుకు? అందరి ముందూ చేసి చూపించండి. మీకు చేతకాకపోతే అమ్మాయికి మళ్లీ పరీక్ష పెడతాను."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పాడుచెయ్యడానికి ఏం కష్టం? కంప్యూటర్ గదిలో టీచర్లంతా ఆయన చుట్టూ మూగారు. కూతురు గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. మాస్టారు మౌసు నొక్కిపట్టారు. ద్రావణం పడుతోంది. పోనీ, అంతా పోనీ అని మనసులో అనుకుంటూనే ఉన్నారు. ఈసారి కళ్లు మాత్రం ఫ్లాస్కు మీదే ఉన్నాయి, పాడు అలవాటు. అందులో లేత గులాబీ రంగు తొంగిచూసింది. కూతురు, సీటు, ఇవన్నీ వేలికేం తెలుసు? అది తనంతట తనే పైకి లేచింది.

నూటికి నూరు. గది చప్పట్లతో మోగిపోయింది.

"ఈ చేతికా సున్నా వచ్చింది?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్. "అమ్మాయి మార్కులు మారవు, వెళ్లండి."

మాస్టారు గుమ్మం వైపు చూడలేకపోయారు. ఆ వేలిని విరిచి పారెయ్యాలనిపించింది.

వెనకబడ్డ పిల్లలకు చూపించడానికని ఆ టైట్రేషన్‌ను కంప్యూటర్‌లో భద్రం చేశారు. మర్నాడు దాన్ని చూసి నేర్చుకొమ్మని మొదటి బెంచీలో కూర్చోబెట్టింది ఆయన కూతుర్నే.