పదో ముక్కలోని ఏరు

జిల్లా ఎందుకు వెనకబడిందో మంత్రిగారు పదవిలోకి వచ్చిన వారానికే కనిపెట్టేశారు. జిల్లా ఏ ఆకారంలో ఉంటుందో ప్రజలకు తెలియదు. ఆకారమే తెలియని జిల్లాను బాగుచెయ్యడం ఎవరి తరం? అందుకని పటాన్ని పదహారు ముక్కలు చేసి, కలగాపులగంగా ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. జనం ఫోన్లో వేలితో ముక్కలు జరిపి పటం పేర్చుకుంటారు. ఆ తర్వాత అభివృద్ధి దానంతటదే జరుగుతుంది.

ముక్కలు కోసే పని సర్వే ఆఫీసులో పటాలు గీసే అమ్మాయికి పడింది. ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం కూడా మరిచిపోయి కోసింది. దానికి కారణముంది. తొమ్మిదో ముక్కలో ఆమె తల్లి ఉండే ఊరుంది. పదో ముక్కలో ఆ ఊరికి అడ్డంగా పారే ఏరుంది. మోకాళ్ళ నొప్పుల వల్ల తల్లి ఆ ఏరు దాటి కూతురింటికి రాక రెండేళ్ళయింది. వంతెన ఫైలు పెద్దాఫీసరు బల్ల మీద అంతకంటే చాలాకాలంగా విశ్రాంతి తీసుకుంటోంది. ఆట ప్రారంభించిన వేదిక మీదే మంత్రిగారి చేత దాని మీద సంతకం పెట్టిస్తానని ఆయన మాటిచ్చాడు.

ప్రారంభోత్సవంలో మంత్రిగారు పెద్ద తెర ముందు నిలబడి స్వయంగా ముక్కలు జరిపారు. నలభై నిమిషాలు జరిపారు. ఆ పట్టుదలకు సభంతా ముచ్చటపడింది, వెనక వరసలు ముచ్చటపడుతూనే నిద్రపోయాయి. చివరికి పద్నాలుగు ముక్కలు కుదిరాయి. ఏరున్న పదో ముక్కా, రాళ్ళగుట్ట ఉన్న పదమూడో ముక్కా మాత్రం ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి.

తెర మీద పెద్ద అక్షరాలు వెలిగాయి: 'తప్పు. మళ్ళీ ప్రయత్నించండి.'

పెద్దాఫీసరు అమ్మాయి కంప్యూటర్ మీదికి వంగాడు.

"అది ఎవర్నమ్మా అంటోంది?"

"ఆడుతున్నవాళ్ళనండి."

"ఆడుతున్నదెవరు?"

"మంత్రిగారండి."

"మరి తప్పెవరిది?"

అమ్మాయి అతని చేతిలోని ఫైలు వంక చూసింది. సంతకం ఇంకా పడలేదు.

"పటానిదండి," అంది.

నాలుగు మీటలు నొక్కి జవాబు మార్చేసింది. తెర మీద 'శభాష్' అని పడింది. చప్పట్లకు మెలకువ వచ్చినవాళ్ళు మరింత గట్టిగా కొట్టారు. ఆ ఊపులోనే మంత్రిగారు వంతెనకు సంతకం చేశారు. ఇంక తడవకుండా రావచ్చని అమ్మాయి తల్లికి ఫోన్ చేసి చెప్పింది.

మర్నాటి నుంచి పటం సరిగ్గా పేర్చిన బడిపిల్లలందరికీ 'తప్పు' అని పడసాగింది. ఫిర్యాదులు వచ్చాయి. పెద్దాఫీసరు ఒక్కపూటలో విషయం తేల్చేశాడు. మంత్రిగారు ప్రారంభించిన ఆటలో పొరపాటుండే ప్రసక్తే లేదు కాబట్టి ఆఫీసు గోడ మీది పటాన్ని ఆట ప్రకారం మార్పించాడు. గోడతో తేడా రాకుండా సర్వే రికార్డులూ మార్పించాడు. అప్పటికి అంతా ఒకేలా ఉంది.

వంతెన కట్టేవాళ్ళు ఆ రికార్డే పట్టుకెళ్ళారు. ఎనిమిది నెలల్లో రాళ్ళగుట్ట మీద చక్కటి వంతెన లేచింది. ఇంత పొడిగా ఉన్న పునాదులు తమ సర్వీసులోనే చూడలేదని ఇంజనీర్లు మెచ్చుకున్నారు.

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, సగం దూరం నడిచి, కిందికి చూశారు. కింద మేకలు మేస్తున్నాయి.

"ఏరేదయ్యా?"

"ఇంకా రాలేదండి," అన్నాడు పెద్దాఫీసరు.

"ఎందుకు రాలేదు?"

"నోటీసు వెళ్ళలేదండి. ఇవాళే పంపిస్తాం."

పద్ధతి ప్రకారం పంపమన్నారు మంత్రిగారు. చెప్పాపెట్టకుండా ఎవరినీ ఖాళీ చేయించడం ఆయనకు నచ్చదు.

ఏరు ఎక్కడుంటుందో తెలిసింది ఆఫీసు మొత్తంలో పటాల అమ్మాయికే. నోటీసు నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ పైదాకా నీళ్ళలో నడుస్తూ వెళ్ళింది. అవతలి ఒడ్డున తల్లి కర్ర ఊతంగా నిలబడి ఉంది.

"వంతెన కట్టేశారటగా, మరి నీళ్ళలో పడి వస్తున్నావేమే?"

"ఉండమ్మా, ముందు సాక్షి సంతకం పెట్టాలి నువ్వు."

"దేనికి?"

"ఏటికి నోటీసిచ్చినట్టు."

"తీసుకుందా?"

కాగితం మీద మూడు గళ్ళున్నాయి: తీసుకున్నారు, నిరాకరించారు, ఈ చిరునామాలో లేరు. అమ్మాయి సంచిలోంచి కొత్త పటం తీసి జాగ్రత్తగా చూసింది. అందులో ఈ చోట రాళ్ళగుట్ట ఉంది. కాళ్ళ కింద రాయి కదిలితే నిలదొక్కుకుని, మూడో గడిలో టిక్కు పెట్టింది.

తల్లి ఒడ్డు మీంచి వంగి, నీళ్ళలో నిలబడ్డ కూతురి వీపు మీద కాగితం ఆనించి సంతకం చేసింది.