రహస్యం కాపాడిన ప్లీడరుగారు

కక్షిదారు చెప్పిన రహస్యాన్ని ప్రాణసమానంగా కాపాడినందుకు ప్లీడరు రామకోటేశ్వరరావుగారికి 1976 వేసవిలో బెజవాడ వకీళ్లు ఘనసన్మానం చేయ నిశ్చయించడమైనది.

ఆ కక్షిదారు శౌరమ్మ. ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెలో, చనిపోయిన భర్త జక్కయ్య వదిలిపోయిన అరెకరమే ఆమెకు కూడు పెడుతోంది. పక్క పొలం ఆసామి వెంకటప్పయ్య ఆ అరెకరాన్ని జక్కయ్య తనకెప్పుడో అమ్మాడంటూ, ఎడమ బొటనవేలి ముద్ర ఉన్న కాగితం చూపించి దావా వేశాడు. శౌరమ్మ బెజవాడ గవర్నరుపేట వెళ్లి, ఆ కాగితం పుట్టకముందే బియ్యం మిల్లు బెల్టులో పడి తన భర్త ఎడమ బొటనవేలు మొదలంటా పోయిందని ప్లీడరుగారికి చెప్పుకుంది.

ప్లీడరుగారు లేచి తలుపు వేసివచ్చారు.

"ఈ మాట ఇంకెవరితోనూ అనకు. కక్షిదారు చెప్పింది ప్లీడరు నోరు దాటకూడదు. అది మా వృత్తిధర్మం."

ఇంతటి నిష్ఠాపరుడు దొరికాడని శౌరమ్మ పొంగిపోయి, గుణదల మాతకు కొవ్వొత్తి వెలిగించింది.

కోర్టులో ఆయన నిష్ఠ ఇసుమంతైనా సడలలేదు. ముద్ర దొంగదనడానికి ఆధారమేమిటని జడ్జిగారు అడిగితే, ఉన్నది గాని చెప్పడం మర్యాద కాదని సవినయంగా మనవి చేశారు. గద్దిస్తే, సెక్షను చదివి వినిపించారు. బోనులో శౌరమ్మ నోరు తెరవబోతే, నీ గుట్టు నేను కాపాడుతుంటే నువ్వే రట్టు చేసుకుంటావా అని కళ్లెర్రజేశారు. చదువుకున్నాయనకు తెలియదా అని ఆమె నోరు మూసుకుంది. పొలం వెంకటప్పయ్యకు దక్కింది. అవతలి ప్లీడరు సైతం చలించిపోయి కళ్లొత్తుకున్నాడు.

సన్మానానికి ఊరివాళ్లను వెంకటప్పయ్యే లారీలో తోలుకొచ్చాడు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"జడ్జిగారంతటివారు రాబట్టలేని నిజాన్ని కడుపులో దాచుకున్న ధన్యజీవి వీరు. యువ న్యాయవాదులకు ఆదర్శప్రాయులు."

దండ వేయమని శౌరమ్మను వేదిక మీదికి పిలిచారు. ఆమె దండ చేత్తో పట్టుకునే జనం వైపు తిరిగింది.

"మా ఆయనకి ఆ వేలే లేదండీ. రత్తయ్య బాబాయ్, రక్తం కారతా ఉంటే పైగుడ్డ చుట్టి ఆస్పత్రికి మోసుకుపోయింది నువ్వేగా. నువ్వన్నా చెప్పు."

జక్కయ్యతో కలిసి ఏళ్ల తరబడి కోతలు కోసినవాళ్లు, ఆ చేతి అన్నం తిన్నవాళ్లు అక్కడ వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ నల్లకోటు వేసుకున్నవారు కారు. ఏ ప్రమాణమూ చేసినవారు కారు. అయినా ప్లీడరుగారి నియమాన్ని ఆయనకన్నా ముందునుంచే పాటిస్తున్నారు.

రత్తయ్య నొచ్చుకుంటూ లేచాడు.

"అందరికీ తెలిసిందే గదమ్మాయ్. నలుగుర్లో అనడం దేనికి?"