నూలు లెక్కన వైరు

ఆ రోజు పొద్దున్న నాచిముత్తు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, బజారుకెళ్ళి వైర్లు కొనుక్కురావాలి, మధ్యాహ్నానికల్లా పెరటి షెడ్డులో పెళ్ళాం నంజమ్మాళ్ కొన్న పెద్ద గ్రైండరు తిరగాలి, అది తిరుగుతుంటే ఆ జోలపాటకి తను పడుకోవాలి. వీటిలో ఆయనకి బాగా అలవాటున్నది చివరి పనే.

గ్రైండరు సంగతి మాత్రం చిన్నది కాదు. నంజమ్మాళ్ ఇన్నేళ్ళూ ఇరుగుపొరుగుకి గిన్నెతో కొలిచి ఇడ్లీపిండి అమ్మింది. ఇప్పుడు మొట్టమొదటిసారి, మండపంలో జరిగే చెవులు కుట్టే వేడుకకి పిండంతా తనే ఇస్తానని వంట కాంట్రాక్టరు కాళియప్పన్‌కి మాటిచ్చింది. పిండి కుదిరితే ప్రతి ఆదివారం ఆర్డరు ఆవిడదే. కుదరకపోతే మళ్ళీ గిన్నే. బియ్యం, మినప్పప్పు అప్పటికే గంగాళాల్లో నానుతున్నాయి. పొద్దుగూకేలోపు రుబ్బాలి, రాత్రికి పొంగాలి, తెల్లారి ఆవిరికెక్కాలి.

"ఏమండీ, ఎలక్ట్రీషియన్ మయిల్‌సామి చెప్పింది గుర్తుందా? లైట్లకి ఒకటి వైరు, గ్రైండరుకి నాలుగు వైరు."

"గుర్తుందమ్మణీ," అన్నారు నాచిముత్తు గారు.

గుర్తుంది. అక్కడే వచ్చింది తంటా. ఆయన సింగానల్లూరులో నూలు మిల్లు స్పిన్నింగు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నూలు లెక్కలో నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇరవై నంబరు దుప్పటికి, నూరు నంబరు పెళ్ళికొడుకు పంచెకి. దేవుడి మీదైనా ఆయనకి అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది గానీ దీని మీద ఎన్నడూ రాలేదు. అలాంటి మనిషికి లైట్లకి ఒకటి, గ్రైండరుకి నాలుగు అని చెబితే ఎలా ఉంటుంది? దోమని మోకుతో, ఎద్దుని దారంతో కట్టమన్నట్టు ఉంటుంది.

'కుర్రాడు తిరగేసి చెప్పాడు' అని దారిలోనే తీర్పిచ్చేసి, కొట్లో, "లైట్లకి నాలుగు, గ్రైండరుకి ఒకటి ఇవ్వండి," అన్నారు.

కొట్టాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "లైట్లకి నాలుగాండీ? ఏం లైట్లండీ?"

"ట్యూబులైట్లు."

"చాలా ఉన్నాయాండీ?"

"రెండు. గుమ్మం దగ్గర ఒక బల్బు."

కొట్టాయన ఇంకేం అడగలేదు. కొనేవాణ్ణి ఒకసారి అనుమానించొచ్చు, రెండోసారి అనుమానిస్తే పక్క కొట్టుకి పోతాడు. "మంచి నిర్ణయమండీ," అని సీలు వేసిన పెట్టెలు రెండూ తీసిచ్చాడు. నాలుగు వైరు పెట్టె బరువుగా ఉంది, ఒకటి వైరు పెట్టె తేలిగ్గా ఉంది. నాచిముత్తు గారికి అందులోనూ సాక్ష్యం దొరికింది. సన్నటిది కాబట్టి ఎక్కువ పొడుగు చుట్టారు, పొడుగు కాబట్టి బరువు. ఇంటికొచ్చి ఒకదాని మీద 'లైట్లు' అని, రెండోదాని మీద 'గ్రైండరు' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి కాఫీకి కూర్చున్నారు.

మయిల్‌సామి వచ్చి పెట్టెలు విప్పాడు. పెద్దాయన పేర్లు తారుమారుగా రాశారనుకున్నాడు. మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనకుండా 'లైట్లు' పెట్టెలోని లావు వైరు భుజానేసుకుని షెడ్డుకి బయల్దేరాడు. అది నంజమ్మాళ్ చూసింది. చూసి ఊరుకుని ఉంటే కథ అక్కడే అయిపోయేది.

"ఏమండీ! మీ లైట్ల వైరు ఈ అబ్బాయి షెడ్డులోకి పట్టుకుపోతున్నాడు!"

నాచిముత్తు గారు కాఫీ గ్లాసుతోనే అడ్డం పడ్డారు. "ఏం తమ్ముడూ, చదవడం రాదా? పెట్టె మీద రాశానుగా."

"చదివానండి మాస్టరూ. ఇది లావు వైరండీ. గ్రైండరుకి లావుదే వెయ్యాలి."

"అది లావేమిటయ్యా? అది నాలుగు!"

"నాలుగు కాబట్టే లావండీ."

"నలభై నంబరు లావా, ఎనభై నంబరు లావా?"

"ఎనభై వైరు నేనెప్పుడూ చూళ్ళేదండీ."

"చూడకుండానే మాట్లాడుతున్నావన్నమాట."

"మాస్టరూ, రెండూ పక్కపక్కన పెట్టి కళ్ళతో చూడండి."

"పైన ఉన్నది ప్లాస్టిక్కయ్యా! స్వెట్టరు వేసుకున్నవాణ్ణి లావంటామా?"

ఈ మాట వీధిలోకి వినపడింది. అది మిల్లు కాలనీ. అక్కడ రిటైరైనవాళ్ళకి ఉన్న కాలక్షేపాలు పేపరు, పక్కింటి గొడవ. పేపరు అప్పటికే చదివేశారు. అందరికంటే ముందు ఆరుసామి గారు వచ్చారు. ఆయనకీ నాచిముత్తు గారికీ ఏ చుట్టరికమూ లేదు, ఒకే షిఫ్టులో పనిచేసిన పాపానికి బావా అంటే బావా అనుకుంటారు. ఆయన వెనకాల కాలనీలో కాళ్ళాడే మగవాళ్ళంతా వచ్చారు.

ఆరుసామి గారు నాలుగు వైరు కొస చెక్కించి, రాగి పోగులు విడదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపారు. "మెలి తక్కువుంది బావా. మన మిల్లులో ఇలాంటి సరుకు పోతే ఆ షిఫ్టు షిఫ్టంతా ఇంటికి పంపేవాళ్ళు. కానీ పోగు చూడు, ఎంత సన్నమో! తలవెంట్రుకే!"

"విన్నావా?" అన్నారు నాచిముత్తు గారు మయిల్‌సామితో.

"పోగు అన్నిట్లోనూ అంతేనండీ. దీంట్లో ఎక్కువుంటాయి, దాంట్లో తక్కువుంటాయి."

"అప్పుడు అది పురి పెట్టిన నూలవుతుంది. గట్టిదవుతుంది. లావని ఎవరంటారు?"

కాలనీవాళ్ళు యూనియను అలవాటు కొద్దీ చేతులెత్తి తేల్చుకుందామన్నారు. నాలుగు సన్నం అన్నవాళ్ళ చేతులన్నీ ఒక్కసారి లేచాయి. లావు అన్న చెయ్యి ఒక్కటే లేచింది, ఆ చేతిలో స్క్రూడ్రైవరు ఉంది కాబట్టి చెల్లదన్నారు.

"సరేనండీ," అన్నాడు మయిల్‌సామి. "ఇల్లు మీది, వైరు మీది. ఎంసీబీ మాత్రం నా ఇష్టప్రకారం పెడతాను. లోడు మించితే టక్కున పడిపోతుంది. దానికి యూనియను లేదండీ."

ముందు లైట్ల పని మొదలైంది. నాలుగు నంబరు వైర్లు గోడలోని పాత పైపులోకి దూరనన్నాయి.

"సన్నటివి ఎందుకు దూరవయ్యా?"

"వాటినే అడగండి మాస్టరూ."

వైర్లకి కొబ్బరినూనె రాశారు. ఇటునుంచి కొందరు తోశారు, అటునుంచి కొందరు తేరు లాగినట్టు లాగారు. వైర్లు రాలేదు. పైపు వచ్చింది. పైపుతో పాటు గోడ సున్నం, సున్నంతో పాటు మిల్లువాళ్ళు ఉత్తమ సేవకి ఇచ్చిన గోడగడియారం వచ్చాయి. గడియారాన్ని ఆరుసామి గారు పట్టుకోబోయి పెద్ద ముల్లు మాత్రమే పట్టుకోగలిగారు.

తర్వాత గ్రైండరు. షెడ్డు పెరట్లో ఆ చివర్న ఉంది. అంతదూరమూ సన్నటి ఒకటి వైరు లాగించారు. నంజమ్మాళ్ కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని స్విచ్చి నొక్కింది.

"ఊఁ..." అంది గ్రైండరు. కథ వింటున్న పిల్లాడిలా ఊఁ కొట్టిందే గానీ కదల్లేదు. టక్కున ఎంసీబీ పడిపోయింది.

"కొత్తిల్లు కదా, సిగ్గుపడుతోంది," అన్నారు ఆరుసామి గారు.

"పప్పు ఎక్కువేశారు, సగం తియ్యండి," అన్నారు ఇంకెవరో. తీశారు. ఊఁ, టక్కు. మిగిలినదాంట్లో సగం తీశారు. ఊఁ, టక్కు. చివరికి పప్పుబద్ద కూడా లేకుండా రాయి ఒక్కటే ఉంచారు. ఖాళీగా ఉన్నా పనిచెయ్యనని అది స్పష్టంగా చెప్పింది.

నంజమ్మాళ్ వైరు మీద చెయ్యేసి చటుక్కున తీసేసింది. "ఇది కాలుతోందండీ!"

"ఇడ్లీలు దీనిమీదే ఉడికించెయ్యొచ్చు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆవిడ తిరిగి చూసేసరికి అక్కడ ఎవరూ లేరు.

ఆవిడ గంగాళం మూత తీసింది. నీళ్ళమీద నురగ తేలుతోంది.

"నాకు మీ నంబర్లు తెలీవు, మీ మెలి తెలీదు," అంది. గొంతు పెంచలేదు, అందుకే అందరికీ భయమేసింది. "మీ మిల్లు సైరను కూసినప్పుడల్లా లేచి డబ్బా కట్టాను. ఒక్కరోజు ఆలస్యం చేశానా? ఇవాళ నాకోసం ఒక్క రాయి తిరగాలి. ఆ ఒక్కటీ తిరగదేంటండీ?"

నాచిముత్తు గారు మయిల్‌సామి వైపు చూశారు. "ఆ నాలుగు వైరే పీకి ఇక్కడ వేసెయ్ తమ్ముడూ. మాట వరసకి, నీదే సరి అనుకుందాం."

"గోడలో ఇరుక్కుందండీ. మిగిలింది లైట్లకని అప్పుడే ముక్కలు చేయించారుగా. కొట్టాయనకి ఫోన్ చేశాను. మాస్టరు గారు కొన్నాక ఇవాళ్టికి ఈ బేరం చాలనుకుని కొట్టు కట్టేసి వెళ్ళిపోయారట. పక్క కొట్లోనూ అడిగాను, నాలుగు వైరు రేపేనట."

నంజమ్మాళ్ పెరడంతా కలియజూసింది. మూల ఒక రుబ్బురోలు, దాని మీద కోడి.

"మీ అందరి పెరట్లలోనూ ఇవి ఉన్నాయిగా?"

"ఉన్నాయమ్మా, మా రోలు మీద పూలకుండీ పెట్టుకున్నాం..." అన్నారు ఆరుసామి గారు.

"దించండి."

దించారు. రోళ్ళు దొర్లించుకుంటూ వచ్చారు. మిల్లువాళ్ళు కాబట్టి ముందు షిఫ్టులు వేసుకున్నారు.

"మాస్టర్లకి షిఫ్టు ఉండదు కదా," అన్నారు నాచిముత్తు గారు ఆశగా.

"అందుకే నీకు అన్ని షిఫ్టులూ వేశాం బావా."

పొత్రాలు కదిలాయి. నంజమ్మాళ్ రోలుకీ రోలుకీ మధ్య తిరుగుతూ, పిండి వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూస్తూ, "ఇది ఇరవై నంబరులా ఉందండీ. నూరు నంబరు రావాలి," అని మొగుణ్ణి మళ్ళీ మొదటినుంచీ రుబ్బించింది. దీపాలవేళకి పిండి గిన్నెలకెత్తారు. ఆ ఇంట్లో దీపాలు మాత్రం వెలగలేదు.

మర్నాడు ఫలహారాలయ్యాక కాళియప్పన్ ఖాళీ గిన్నెలతో స్వయంగా వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని నాచిముత్తు గారు నొప్పులకి భుజాల మీద కాపడం పెట్టుకున్న వేడి ఇసుక మూట తీసి లేవబోయారు. కుదరలేదు.

"అమ్మా, ఇడ్లీ మల్లెపువ్వులా వచ్చింది. ఏం గ్రైండరమ్మా అది?"

"గ్రైండరు కాదండీ. రోట్లో చేత్తో రుబ్బించాను."

"అదీ సంగతి! గ్రైండరు రాయి వేడికి పిండి చచ్చిపోతుందమ్మా. మండపంలో ముసలాళ్ళంతా ఎవరు రుబ్బారని ఒకటే అడగడం. ప్రతి ఆదివారం ఇదే కావాలి. చేత్తో రుబ్బితేనే సుమా."

"అయ్యా, లావు వైరు తెప్పిస్తున్నామండీ," అన్నారు నాచిముత్తు గారు కంగారుగా. "నాలుగు. నాలుగే లావు. ఒకటి సన్నం. నేను ఒప్పుకుంటున్నానండీ!"

పెళ్ళయ్యాక ఆయన ఒక తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. ఎవరూ వినలేదు. నంజమ్మాళ్ అప్పటికే కాళియప్పన్‌కి మాటిచ్చేసింది.

సాయంత్రం మయిల్‌సామి కొత్త నాలుగు వైరు చుట్టతో వచ్చాడు. "గ్రైండరుకేగా అమ్మా?"

"గ్రైండరు అమ్మేస్తున్నాను తమ్ముడూ. రోళ్ళు షెడ్డులోకి మార్పించాం, అక్కడ ఒక ఫాను పెట్టు. పెద్దవాళ్ళు, చెమటలు పడుతున్నాయి."

ఇప్పుడు ఆ షెడ్డులో నాలుగు వైరు మీద ఒక్క ఫాను తిరుగుతోంది. లోడంతా నాచిముత్తు గారి మీద ఉంది.